ఉన్ని మేజోడులో వచ్చిన కార్డు

బిడ్డ నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకునే తల్లి నిసోబేగిం. గదిలోంచి వెళ్తూ ఒకసారి, తిరిగి వస్తూ ఇంకోసారి. కొండల మధ్య ఖొరోగ్ ఊళ్ళో వాళ్ళ వీధివాళ్ళకి ఆమె ఇప్పటికీ ఫిజిక్స్ టీచరమ్మే, బడి మానేసి చాన్నాళ్ళయినా. అత్త దవ్లత్‌మో మాత్రం "మా అనుమానాల కోడలు" అనేది. పాలు కాగాయా అని నిసో వేలు ముంచి చూస్తుంది. పొయ్యి ఆర్పానా అని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొస్తుంది. బిడ్డ ఓఫరీన్ దగ్గితే, ఆ దగ్గు గొంతులోదా గుండెల్లోదా అని తన చెవి దాని వీపుకి ఆనిస్తుంది.

ఆ శరత్కాలంలో ఆమెకి వచ్చిన భయం మాత్రం అనుమానం కాదు. మొగుడు ఓకిల్‌షో మాస్కో శివార్లలో ఇటుకలు పేరుస్తున్నాడు. ఒక్కడి రెక్కల మీద రెండుచోట్ల బతుకు గడవడం లేదు. ఒకరోజు ఫోన్లో తేల్చి చెప్పేశాడు.

"నువ్వూ వచ్చెయ్, నిసో. కుట్టు ఫ్యాక్టరీలో మనూరి ఆడవాళ్ళే ఉన్నారు. నీకు చోటు అడిగి పెట్టాను."

"మరి ఓఫరీన్?"

"ఫ్యాక్టరీ హాస్టల్లో పిల్లల్ని ఉండనివ్వరు. అమ్మ చూసుకుంటుంది కదా."

ఓఫరీన్ అప్పుడప్పుడే గోడ పట్టుకుని నడుస్తోంది. ఇంకా తల్లిపాలే. బదులు చెప్పడానికి నిసో దగ్గర ఒకే ఒక్క మాట ఉంది, అది ఇంకా పండలేదు.

ఆ మాట ఏమిటంటే, బిడ్డ కడుపులో ఉన్నప్పటి నుంచీ ఆమె కంప్యూటర్ మీద ఇళ్ళ లోపలి బొమ్మలు గీయడం నేర్చుకుంటోంది. కట్టని ఇంటిని కట్టినట్టు, పెట్టని దీపం వెలిగినట్టు చూపించే పని. గోడ మీద వెలుగు ఎలా పడుతుందో, గాజులోంచి ఎంత వంగుతుందో ఫిజిక్స్ చదివిన మనిషికి వేరే చెప్పక్కర్లేదు. అల్మాటీ నగరంలో ఒక స్టూడియో వాళ్ళు ఆమె బొమ్మలు చూసి, పరీక్షకని ఒక గది కొలతలు పంపారు. శనివారం సాయంత్రం లోపు ఆ గదిని మా ప్రోగ్రాంలో గీసి పంపండి, నచ్చితే ఇంట్లో కూర్చునే పని చెయ్యొచ్చు అన్నారు.

ఆ ప్రోగ్రాం నిసో కంప్యూటర్లో తెరుచుకోలేదు. మీ గ్రాఫిక్స్ కార్డు దీనికి చాలదు అని ఒక ముక్క చూపించి మూసుకుపోయింది.

చాలదంటే చాలదు మరి. అది బడివాళ్ళు పాతసామాన్లలో పారేస్తుంటే నిసో అడిగి తెచ్చుకున్న కంప్యూటర్. తలుపు పక్క స్తంభం దగ్గర, కుట్టుపూల గుడ్డ కప్పుకుని, ఇంట్లో ఇంకో ముసలి మనిషిలా కూర్చుని ఉంటుంది. స్విచ్చి వేస్తే ముందు మూలుగుతుంది, తర్వాత లేస్తుంది. ఓఫరీన్ దాన్ని తడిమి "బోబో" అంటుంది, అంటే తాత అని.

రాజధాని దుషాన్బేలో ఉన్న నిసో చిన్నాన్న కొడుకు వెతికి వెతికి ఒక పాత కార్డు సంపాదించాడు. రాత్రీ పగలూ క్రిప్టో నాణేలు తవ్వే యంత్రాల్లో పనిచేసి రిటైరైన కార్డు. కొత్తది వీళ్ళకి అందే మాట కాదు. కొండదారిలో జీపు డ్రైవర్ ఖుష్‌నజర్ చేతికిచ్చి పంపాడు. గురువారం పొద్దున్న ఖుష్‌నజర్ గుమ్మంలో నిలబడి, కోటులోంచి ఒక రంగురంగుల ఉన్ని మేజోడు తీశాడు. అందులో ఉంది కార్డు.

"ఉన్నిలోనా పెట్టింది!" నిసో మేజోడు లాక్కుంది. "ఉన్ని రాపిడికి కరెంటు పుడుతుంది, అన్నా. దానికి ఆ కరెంటు తగిలితే చచ్చిపోతుంది."

"నా కాళ్ళు ఇరవయ్యేళ్ళుగా ఉన్నిలోనే ఉన్నాయమ్మా, చావలేదు," అన్నాడు ఖుష్‌నజర్. "ఆదివారం పొద్దున్న మళ్ళీ దుషాన్బే వెళ్తున్నాను. మీ ఆయన నీకు సీటు పెట్టమన్నాడు. ముందు సీటే పెట్టా. ఉంచమంటావా, వద్దంటావా?"

నిసో చేతిలో మేజోడుని, దాన్ని పట్టుకోవాలని చేతులు చాస్తున్న బిడ్డనీ చూసింది.

"ఉంచన్నా," అంది.

సాయానికి పక్కింటి ఇమత్‌షో వచ్చాడు. టీవీ గొడుగులు, కార్లలో పాటల పెట్టెలు బాగుచేస్తాడు. నోరు చేతికంటే చురుగ్గా పనిచేస్తుంది. కంప్యూటర్ని పక్కకి పడుకోబెట్టి రేకు ఊడదీశాడు. లోపల ఒక చలికాలానికి సరిపడా దుమ్ము ఉంది. నిసో బ్రష్షుతో అంతా దులిపి, తడిగుడ్డతో చుట్టూ తుడిచింది. పాత కార్డు మర ఊడదీసి, మెల్లగా పైకి లాగి పక్కన పెట్టింది. కొత్తది పెట్టి చూస్తే పట్టలేదు. అది జానెడుంటే లోపల చోటు బెత్తెడుంది. డిస్కులు పెట్టే ఇనప గూడు అడ్డం.

"ఈ గూడు కత్తిరించెయ్యాలి, వదినా. రేకు కత్తెర తెస్తానుండు," అని ఇమత్‌షో వెళ్ళాడు. సరిగ్గా అప్పుడే ఓఫరీన్ లేచి ఏడ్చింది. నిసో వెనకగదిలోకి పాలివ్వడానికి పోయింది.

దవ్లత్‌మో రొట్టెల పిండి కలుపుతూ ఆ మూలే చూస్తోంది. నిసో తిరిగొచ్చేసరికి అత్త కంప్యూటర్ దగ్గర నిలబడి, ఒళ్ళోని పిండి దులుపుకుంటోంది.

"ఏంటత్తా?"

"ఏం లేదు. దీని లోపల ఎన్ని ఊళ్ళున్నాయో చూస్తున్నా."

గూడు కత్తిరించారు. ఇమత్‌షో వేలు తెగితే నిసో జెల్యోంకా సీసా తెచ్చి, దెబ్బలకి వాడే ఆ ఆకుపచ్చ మందు రాసింది. అతను గడ్డి తిన్న మేకలా ఉందని వేలు చూపించి ఓఫరీన్‌ని నవ్వించాడు. కార్డుని స్లాట్ మీద పెట్టి రెండు బొటనవేళ్ళతో నొక్కారు. టక్కున కూర్చుంది. కరెంటు తీగ తగిలించి స్విచ్చి వేశారు.

ఫ్యాన్లు తిరిగాయి. కొత్త కార్డు ఫ్యాన్లు కూడా తిరిగాయి. తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది.

తీశారు, పెట్టారు. తీగ మార్చారు. మళ్ళీ తీశారు. ఇమత్‌షో కార్డుని వెలుగులో తిప్పి చూసి, "అంచున ఏదో తెల్లగా అంటుకుంది చూశావా? నాణేలు తవ్వేవాళ్ళు అమ్మే ముందు వీటిని సబ్బుతో కడిగేస్తారు. సబ్బే ఇది. నీళ్ళు లోపలికి పోయి చచ్చింది," అని తన చొక్కాకి తుడిచాడు.

"మేజోడు," అంది నిసో. "ఉన్ని వల్లే."

"సరే, ఎవరు చంపినా శవం ఒకటే. పాతది పెట్టు. కనీసం తాతయ్య లేస్తాడు."

పాత కార్డు పెట్టారు. తాతయ్య కూడా లేవలేదు.

ఇమత్‌షో రేకు కత్తెర చంకన పెట్టుకుని లేచాడు. ఆ బోర్డుకి కార్డు లేకుండా తెర వెలిగించే శక్తి లేదు. పనిచేస్తున్న పాత కార్డు కూడా ఇప్పుడు చేయడం లేదంటే ఒకటే అర్థం. కొత్తది పెద్దది, కరెంటు ఎక్కువ లాగుతుంది, బోర్డునే కాల్చేసింది. ఉన్నదాన్ని మార్చబోయి ఉన్నదీ పోగొట్టుకుంది. నిసో బుర్రలో లెక్క అంత నిక్కచ్చిగా తేలింది, ఎక్కడా పొల్లు లేదు. అందుకే ఏడుపు కూడా రాలేదు.

శుక్రవారమంతా ఆమె ఆ పెట్టె చుట్టూనే తిరిగింది. బజారులో ఉన్న ఒక్క కంప్యూటర్ దుకాణానికి వెళ్ళింది. అంత పాత బోర్డు ఇప్పుడెక్కడ దొరుకుతుందని వాళ్ళు నవ్వారు. బడికెళ్ళి కంప్యూటర్ అడిగితే, అక్కడివీ ఇంట్లోని తాతయ్య ఈడువే. వంతెన మీద నిలబడి గుంట్ నది నీళ్ళకేసి చూసింది. ఆ హోరులో ఎవరికీ వినపడదని ఒక్క కేక పెట్టింది. గట్టున గొర్రెలు తోలుకెళ్తున్న ముసలాయన తలెత్తి చూసి, ఏమీ విననట్టు తల దించుకుని పోయాడు.

ఇంటికొచ్చి ఓకిల్‌షోకి ఫోన్ చేసింది. "వస్తున్నాను," అంది.

అతను, "గోడపక్క మంచం నీకని అడిగి ఉంచాను. కిటికీ ఉంది," అన్నాడు. ఆ గొంతులో సంతోషం వినిపించింది. తనని రమ్మంటున్న మనిషి చెడ్డవాడైతే ఎంత బాగుండేది.

ఇక చెయ్యాల్సింది ఒకటే మిగిలింది. ఆదివారానికి ఓఫరీన్ చేత పాలు మాన్పించాలి. లేకపోతే తల్లి కోసం ఏడ్చి ఏడ్చి ముసలామె చేతుల్లో నీలుక్కుపోతుంది. ఎలా మాన్పిస్తారో ఆ వీధిలో తెలియని ఆడది లేదు. నిసో జెల్యోంకా సీసా తీసింది. అద్దం ముందు నిలబడి, దూదితో ఆ ఆకుపచ్చ మందు రొమ్ములకి పూసుకుంది. గౌను మీద కూడా చుక్కలు పడ్డాయి. అద్దంలో మనిషి ఎవరో నీళ్ళలో మునిగి నాలుగు రోజులైనట్టు కనిపించింది.

ఓఫరీన్ పాకుతూ వచ్చి, ఒళ్ళోకెక్కి, అలవాటుగా గుండీ లాగింది. ఆ పచ్చదనం చూసి ఒక్క క్షణం ఆగింది. వేలు చాపి, తాకకుండానే వెనక్కి తీసుకుంది. తర్వాత పెట్టిన ఏడుపు మామూలు ఆకలి ఏడుపు కాదు. తల్లి మొహంకేసి చూస్తూ, నా తల్లిని ఏం చేశావని తల్లినే అడుగుతున్నట్టు ఏడ్చింది. దవ్లత్‌మో వచ్చి బిడ్డని ఎత్తుకుపోయింది. నిసో గుండీలు పెట్టుకుంది. ఒక్కో గుండీ పెట్టడానికి ఎంతసేపు పట్టిందో ఆమెకే తెలియదు.

శనివారం పొద్దున్న ఇద్దరూ షీర్‌చాయ్ ముందు కూర్చున్నారు. ఉప్పు, వెన్న వేసిన పాలటీలో రొట్టె ముక్కలు నాని ఉబ్బుతున్నాయి. ఎవరూ తినడం లేదు. ఓఫరీన్ ఏడ్చి ఏడ్చి అత్త భుజం మీద వెక్కుతోంది.

"నలుగురిని పెంచాను నేను," అంది దవ్లత్‌మో. "దీన్ని పెంచలేనా? వెళ్ళిరా. అందరూ వెళ్తున్నారు."

"ఊఁ."

"మోకాళ్ళు సహకరించవు, అంతే. పొయ్యి దగ్గరికి పాకితే పరిగెత్తలేను. పొయ్యి చుట్టూ బెంచీలు పెడతాలే."

నిసో పొయ్యికేసి చూసింది.

"కళ్ళు కూడా సాయంత్రమైతే మసకే. ఇది చిన్న గింజేదైనా నోట్లో పెట్టుకుంటే కనపడదు. గింజలు ఇంట్లోకే రానివ్వనులే." ముసలామె బిడ్డ వీపు నిమురుతూనే ఉంది. ఉన్నట్టుండి గొంతు మారింది. "నా చెయ్యి మంచిది కాదే, నిసో. ఓకిల్ మొదటిసారి వెళ్ళేటప్పుడు శుభమని కుడిభుజం మీద పిండి వేసి పంపాను, నాలుగేళ్ళు తిరిగి రాలేదు. మొన్న దానికీ వేశాను. అదీ చచ్చింది."

"దేనికి వేశావు?"

"అదే, నీ మేజోడు చుట్టానికి. కొత్తగా ఇంటికొచ్చిందిగా. కోడలొస్తే వేస్తాం, ఉయ్యాల తెస్తే వేస్తాం. నిన్ను ఇంట్లో ఉంచేది అదేనన్నావు. ఊరికే ఎలా కూర్చోబెడతాను?"

"అత్తా. పిండి ఎక్కడ వేశావు?"

"అది కూర్చునే చోటే. నల్లగా సన్నంగా గాడిలా ఉంది చూడు, పాతదాన్ని పీకిన చోట. ఒక్క చిటికెడు. బయట ఒక్క రవ్వ పడలేదు, చూసుకునే వేశాను."

నిసో లేవడంతో షీర్‌చాయ్ గిన్నె ఒరిగిపోయింది. కంప్యూటర్ని పక్కకి పడుకోబెట్టి, కార్డు పీకి, ఫోన్ దీపం స్లాట్ మీద పెట్టింది. గాడి అడుగున, బంగారు రంగు తీగెల మధ్య, రెండు రోజులుగా కార్డులు నొక్కి నొక్కి బిళ్ళకట్టిన గోధుమపిండి. కొత్త కార్డుకీ పాతదానికీ ఒకే రోగం ఎందుకొచ్చిందో అది చూశాక అర్థమైంది. అంచున అంటుకున్నది సబ్బు కాదు. ఏదీ కాలిపోలేదు. తీగె తీగెని తాకలేదు, అంతే.

నవ్వో ఏడుపో తెలియని శబ్దం ఒకటి ఆమె గొంతులోంచి వచ్చింది. దవ్లత్‌మోకి అది ఏడుపులాగే వినపడింది.

"నేనే చంపానా?"

"చంపలేదు. చంపలేదత్తా. దాని నోట్లో రొట్టె కుక్కావు, ఊపిరాడలేదు."

బ్రష్షు వెంట్రుకలు ఆ గాడిలో పట్టలేదు. నిసో సూదికి సన్నటి గుడ్డ పీలిక చుట్టి, బిళ్ళని కొద్దికొద్దిగా కదిలించింది. ఊదితే నోటి తడి పడుతుందని భయం. అప్పుడు ఓఫరీన్ ముక్కు చీమిడి లాగే రబ్బరు బుడ్డి గుర్తొచ్చింది. దాన్ని గాడిలో పెట్టి నొక్కితే తెల్లటి పొగలా పిండి లేచింది. నొక్కి, చూసి, మళ్ళీ నొక్కింది. కార్డు అంచుల్ని పెన్సిలు రబ్బరుతో రుద్దింది. ఇన్నేళ్ళ అనుమానపు బుద్ధీ ఆ పూట పనికొచ్చింది. ఒక్కో తీగెనీ దీపం పెట్టి చూడకుండా వదల్లేదు.

కొత్త కార్డు కూర్చోబెట్టి స్విచ్చి మీద వేలు పెట్టింది. నొక్కలేకపోయింది. ఇప్పుడూ వెలగకపోతే ఇక నింద వేయడానికి మేజోడు లేదు, సబ్బు లేదు, పిండి లేదు.

"నొక్కవే," అంది దవ్లత్‌మో. "నీ బదులు నేను నొక్కనా? వద్దులే, నా చెయ్యి..."

నిసో అత్త వేలు పట్టుకుని, దాని మీద తన వేలు పెట్టి నొక్కింది.

ఫ్యాన్లు తిరిగాయి. తెర నల్లగా ఉంది. ఇంకా నల్లగానే ఉంది. తర్వాత మూల ఒక తెల్లటి గీత తళుక్కుమంది. అక్షరాలు వరసకట్టాయి. ఓఫరీన్ వెక్కిళ్ళ మధ్య "బోబో" అంది.

ఈసారి ప్రోగ్రాం తెరుచుకుంది. మిగిలిన పగలంతా నిసో తెర ముందునుంచి లేవలేదు. గది గోడలు లేచాయి. కిటికీలోంచి వెలుగు పోసింది, గచ్చు మీద పరిచింది. ఇమత్‌షో వచ్చి విషయం విని, "పెద్దమ్మా, మా ఇంట్లో ఫ్రిజ్జు కొంటే మాత్రం నిన్ను పిలవను," అన్నాడు. తర్వాత పవర్ సప్లై పక్కన కూర్చుని, వేడెక్కిందేమోనని అరచెయ్యి ఆనిస్తూనే ఉన్నాడు. అది పెనంలా కాలుతోంది. ఆగిపోతే అన్నీ మొదటికొస్తాయి. ఓఫరీన్‌ని అత్త పెరట్లో తిప్పుతోంది, పాల కోసం ఏడ్చినప్పుడల్లా ఆ ఏడుపు గోడలోంచి వచ్చి నిసో వీపుకి తగులుతోంది.

బొమ్మ పూర్తయ్యేసరికి కొండ నీడ ముంగిట్లోకి వచ్చేసింది. ఇంట్లో నెట్ అందలేదు. బొమ్మని ఫోన్లోకి ఎక్కించి, దాన్ని పట్టుకుని కప్పు మీదికెక్కి, చెయ్యి ఆకాశంలోకి చాపి నిలబడింది. అల్మాటీలో పొద్దు ముందే వాలుతుందని అప్పుడు గుర్తొచ్చింది. వాళ్ళన్న సాయంత్రం ఎవరి సాయంత్రం? బొమ్మ వెళ్ళింది. జవాబు రాలేదు.

ఆదివారం పొద్దున్నకీ రాలేదు. గుమ్మం దగ్గర ఆమె సంచి సర్ది ఉంది. ఖుష్‌నజర్ ముంగిట్లో జీపాపి, చాయ్ తాగి, రెండోసారి హారన్ కొట్టాడు. "అమ్మా, కొండలు నా కోసం ఆగవు." నిసో బూట్లు తొడుక్కుంటోంది. ఒక బూటు వేసుకుంది. రెండోదాని తాడు కట్టడం ఎంతకీ రావడం లేదు.

అప్పుడు ఫోన్ మోగింది. స్టూడియోలో పెద్దావిడ.

"నిన్న ఆలస్యంగా చూశానండి, ఏమనుకోకండి. ఆ గచ్చు మీద వెలుగు ఎలా రప్పించారు? సోమవారం నుంచి మొదలుపెట్టగలరా?"

నిసో "ఆఁ" అంది. ఇంకేం అందో గుర్తులేదు. ఒంటి బూటుతో ముంగిట్లోకి పరిగెత్తి, "అన్నా, సీటు వద్దు," అంది.

"ముందే చెప్పొద్దూ!" ఖుష్‌నజర్ కసిరాడు. సంచి ఎక్కించాలని తెరిచిన జీపు తలుపు దభాలున మూశాడు. అంతలోనే గొంతు తగ్గించి, "ఆ మేజోళ్ళలో రెండోది కూడా నా దగ్గరే ఉంది. పిల్లదానికి టోపీకి పనికొస్తుంది," అని కిటికీలోంచి పారేసి వెళ్ళిపోయాడు.

ఓకిల్‌షోకి చెప్పింది. అతను "మంచిదే," అన్నాడు. "మంచిదే, నిసో." కిటికీ పక్క మంచం మాట ఇద్దరూ ఎత్తలేదు.

ఇక ఓఫరీన్‌ని ఒళ్ళోకి తీసుకుని గుండీ విప్పింది. జెల్యోంకా అంటే నీళ్ళకి లొంగేది కాదు. సబ్బు, నూనె, వోడ్కా అన్నీ పెట్టి ఆ పూటంతా రుద్దుకున్నా, పచ్చదనం కొంచెం పలచబడింది తప్ప పోలేదు. బిడ్డ చూసింది. పెదవి వంకర తిప్పి మొహం అటు తిప్పుకుంది.

"ఉండు," అని దవ్లత్‌మో చిటికెడు పిండి తెచ్చి ఆ పచ్చదనం మీద అద్దింది. ఓఫరీన్ వంగి చూసింది. వేలితో పిండి తీసి, నాకి, నవ్వి, నానమ్మ చేతిలోని రొట్టె వైపు పాకిపోయింది.

"నా చెయ్యి మంచిది కాదని చెప్పానా," అంది ముసలామె.

నిసో రొమ్ములు గడ్డకట్టి సలుపుతున్నాయి. వెళ్ళకుండా ఆగింది. దేనికోసం ఆగిందో అది తన దగ్గరికి రావడం లేదు. గోడకి ఆనుకుని కూర్చుంది. కాసేపటికి ఓఫరీన్ రొట్టె ముక్క చేతిలో ఉండగానే నిద్రకి తూలింది. నిసో దాన్ని ఎత్తుకుని ఒళ్ళో పడుకోబెట్టుకుంది. అలవాటుగా ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి ఆడుతోంది. ఆ నిద్రలో, కళ్ళు మూసుకునే, బిడ్డ తల తిప్పి వెతికింది. కళ్ళు మూసుకున్నవాళ్ళకి పచ్చ లేదు, తెలుపు లేదు. దొరికింది. పట్టుకుంది.

"తాగుతోందా?" మసక కళ్ళతో అత్త అడిగింది.

నిసో మాట్లాడలేదు. మాట్లాడితే లేస్తుందేమోనని భయం.